రెండర్‌లో హన్మకొండ ఎండ: ఇంటి త్రీడీ బొమ్మ ఫోటోలా రావాలంటే

నేను చేసిన మొదటి ఎలివేషన్ (ఇల్లు కట్టకముందే కంప్యూటర్లో చేసే ముందు వైపు బొమ్మ) చూసి ఆ ఇంటి పెద్దామె ఒకే మాట అడిగింది. "బొమ్మ మంచిగున్నది బిడ్డా, గని ఇది ఏ దేశంల కడుతున్నరు?" ఆమె వెటకారం చేయలేదు, నిజంగానే అడిగింది. నేను మళ్లీ చూసుకున్నాను. కిటికీ అద్దాల్లో పైన్ చెట్లు, ఇంటి ముందు గోల్ఫ్ మైదానం లాంటి గడ్డి, వెనక ఎర్రటి సూర్యాస్తమయం, ముందు గోడ మీద మాత్రం ఫెళ్లున ఎండ. హసన్‌పర్తి దారిలో 200 గజాల జాగాకు ఈ సోకు!

ఆ తర్వాత సాఫ్ట్‌వేర్లు మార్చాను, గ్రాఫిక్స్ కార్డు మార్చాను. బొమ్మ పెద్దగా మారలేదు. మారింది ఎప్పుడంటే, రోడ్డు మీద నిలబడి మన ఎండ ఎలా పడుతుందో, మన గోడలు ఎలా ఉంటాయో చూడటం మొదలుపెట్టాక. అందుకే ఈ మార్గదర్శిలో బటన్ల గురించి ఎంత ఉందో, చూడటం గురించీ అంతే ఉంటుంది.

ఉదాహరణకు ఒకే ఇల్లు తీసుకుందాం: 30×60 ప్లాటు, తూర్పు ఫేసింగ్, జీ ప్లస్ వన్, ముందు 30 అడుగుల సీసీ రోడ్డు. రెండర్‌కు, అంటే త్రీడీ మోడల్ నుంచి ఫోటోలాంటి బొమ్మ తీయడానికి, బ్లెండర్, ఫోటో ఎడిటింగ్‌కు జింప్ వాడతాను. రెండూ ఉచితం. మీరు స్కెచప్‌లో వీ-రేతోనో, ఎన్‌స్కేప్‌తోనో, లూమియన్‌తోనో చేస్తుంటే మెనూల పేర్లు మారతాయి, మిగతాదంతా ఇదే.

1. ముందు సైట్‌కు వెళ్లండి

ప్లాను పీడీఎఫ్ వాట్సాప్‌లో రాగానే మోడలింగ్ మొదలుపెట్టే అలవాటు మానుకోండి. సైట్ దగ్గర ఒక గంట గడిపితే తర్వాత రెండు రోజులు మిగులుతాయి.

ఫోన్‌తో తీయాల్సినవి: రోడ్డు అవతలి నుంచి జాగా, అటూ ఇటూ పక్కిళ్లు, రోడ్డు ఉపరితలం దగ్గరగా, మోరి, కరెంటు స్తంభం. వీటికంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది, చాలామంది తీయరు. జాగాకు వీపు పెట్టి, ఎదురు వరస ఇళ్లను తీయండి. రేపు మన ఇంటి కిటికీ అద్దాల్లో కనిపించాల్సింది అవే. ఫోటోలన్నీ మామూలు 1ఎక్స్ లెన్సుతో, కంటి ఎత్తున తీయండి. 0.5ఎక్స్ లెన్సు గీతలను వంచేస్తుంది, అది తర్వాత ఏడిపిస్తుంది.

ఒక ఫోటోలో ఎండలో తెల్ల ఏ4 కాగితం పట్టుకుని తీయండి. ఆ ఎండలో తెలుపు నిజంగా ఎలా ఉందో ఎడిటింగ్‌లో పోల్చుకోవడానికి పనికొస్తుంది. 3 అడుగుల కర్ర ఒకటి నిలబెట్టి దాని నీడను టేపుతో కొలవండి, టైము రాసుకోండి. నీడ కూడా 3 అడుగులే ఉంటే సూర్యుడు సరిగ్గా 45 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు. ఫోన్ దిక్సూచితో ప్లాటు నిజంగా ఎటు చూస్తోందో కూడా చూడండి. "తూర్పు ఫేసింగ్" అని కాగితం మీద ఉన్న ప్లాటు పది డిగ్రీలు ఈశాన్యానికో ఆగ్నేయానికో తిరిగి ఉండటం మామూలే. వాస్తు సంగతి వాళ్లు చూసుకుంటారు, మనకు కావాల్సింది నీడ.

2. మోడల్: మందం లేనిదే ఇల్లు కాదు

బ్లెండర్‌లో యూనిట్లు మీటర్లలో పెట్టినా, అడుగుల్లో పెట్టినా ఫరవాలేదు గానీ, కొలత మాత్రం నిజం కొలతే ఉండాలి. కాంతి, లెన్సు, పొగమంచు అన్నీ కొలత మీదే నడుస్తాయి. ఆటోక్యాడ్ ప్లానును డీఎక్స్‌ఎఫ్‌గా (వేరే సాఫ్ట్‌వేర్లు కూడా చదవగల ఫైలుగా) తెచ్చుకున్నాక ఒక తలుపు కొలిచి చూడండి. 7 అడుగులు రాకపోతే అక్కడే ఆగి స్కేలు సరిచేయండి.

గోడకు 9 అంగుళాల మందం ఇవ్వండి. కిటికీ ఫ్రేమును గోడ బయటి అంచుకు అతికించకండి, నాలుగైదు అంగుళాలు లోపలికి నెట్టండి. ఆ గాడిలో పడే నీడే కిటికీకి లోతు ఇస్తుంది. సజ్జ 2 అడుగులు బయటికి, 4 అంగుళాల మందం. పిట్టగోడ 3 అడుగులు. గ్రిల్, స్లైడింగ్ ట్రాక్, గేటు రోలరు, గడప కింది మెట్టు లాంటి చిన్నవాటి దగ్గర కన్ను ఆగుతుంది. అవి లేకపోతే ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది, ఏం తేడానో మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఇంకో సంగతి, అంచులు. కంప్యూటర్లో రెండు గోడలు కలిసే మూల కత్తి అంచులా ఉంటుంది. ఏ మేస్త్రీ చేతిలోనూ మూల అలా రాదు. ఖిలా వరంగల్ తోరణాల దగ్గర పొద్దున పూట నిలబడి చూడండి. రాతి అంచు వెంట సన్నని వెలుగు గీత ఉంటుంది, ఎందుకంటే అంచు కొద్దిగా గుండ్రం. ఆ గీతే రాయికి బరువు తెస్తుంది. అంచులను గుండ్రం చేసే బెవెల్ మాడిఫయర్‌తో ప్లాస్టరు మూలలకు 3 నుంచి 5 మిల్లీమీటర్లు, గ్రానైట్ అంచులకు 2 మిల్లీమీటర్లు ఇవ్వండి. బొమ్మలో దూరం నుంచి కనపడదు అనుకోకండి, వెలుగు గీతగా కనపడుతుంది.

మేడ మీద మెట్ల గది, నీళ్ల ట్యాంకు, సోలార్ హీటరు కూడా మోడల్ చేయండి. నేను ఒకసారి అందం చెడుతుందని ట్యాంకు తీసేసి బొమ్మ ఇచ్చాను. ఇల్లు పూర్తయ్యాక గృహప్రవేశానికి పిలిచారు. భోజనాల దగ్గర ఇంటాయన ఫోను తీసి, బొమ్మా ఇల్లూ పక్కపక్కన పెట్టి చూపించాడు. పైన నల్లటి వెయ్యి లీటర్ల ట్యాంకు, ఎలివేషన్‌కు సరిగ్గా నడినెత్తిన. "గిది నీ బొమ్మల లేదేంది అన్నా?" అన్నాడు. బొమ్మలో ట్యాంకు కనిపించి ఉంటే, దాన్ని రెండు అడుగులు వెనక్కు జరపమనో, ముందు జాలీ గోడ కట్టమనో ప్లాను దశలోనే చెప్పేవాడు.

3. ఎండ

ఎక్కువ టైము ఇక్కడే పెట్టండి.

వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. బ్లెండర్‌లో సన్ పొజిషన్ అనే యాడ్-ఆన్ ఉంది. అందులో ఈ రెండు అంకెలూ, టైమ్ జోన్ 5.5, తేదీ, గంట ఇస్తే సూర్యుడు తన చోట తాను నిలబడతాడు. ప్లానులో ఉత్తరం ఎటుందో దాన్ని బట్టి నార్త్ ఆఫ్‌సెట్ సరిచేయండి. ఇక అందం కోసం సూర్యుడిని చేత్తో జరపకండి. జరపాలనిపిస్తే గంట మార్చండి, నెల మార్చండి.

ఏ గంట ఎంచుకోవాలన్నది సజ్జ నీడ చెబుతుంది. 2 అడుగుల సజ్జ ఉన్న దక్షిణం గోడ తీసుకోండి. డిసెంబరు ఆఖరులో నడిమధ్యాహ్నం సూర్యుడు మనకు దాదాపు 48.5 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, సజ్జ నీడ 2 అడుగుల 3 అంగుళాలు దిగుతుంది. అదే మార్చి 21న సూర్యుడు 72 డిగ్రీలకు ఎక్కుతాడు, నీడ 6 అడుగులు దాటుతుంది, అంటే కిటికీ మొత్తం చీకట్లోనే. నడిమధ్యాహ్నం అంటే గడియారంలో 12 కాదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది కాబట్టి, వరంగల్‌లో సూర్యుడు నెత్తి మీదికి వచ్చేసరికి సగటున 12 గంటల 12 నిమిషాలవుతుంది.

మన ఉదాహరణ ఇల్లు తూర్పు ఫేసింగ్. మార్చి నెలలో పొద్దున ఎనిమిదిన్నరకు సజ్జ నీడ తూర్పు గోడ మీద అడుగుంపావు పడుతుంది. గోడంతా వెలుగు, సజ్జల కింద నీడ పట్టీలు, పోర్టికోలోకి వంగి దూరే ఎండ. నాకు తెలిసి తూర్పు ఇంటికి ఇంతకంటే మంచి గంట లేదు. పడమర ఇంటికి సాయంత్రం నాలుగున్నర. దక్షిణం ఇంటికి చలికాలం పది గంటలు.

ఉత్తరం ఫేసింగ్ ఇల్లు వస్తే మాత్రం చాలామంది తప్పు చేస్తారు. సూర్యుడు మధ్యాహ్నం పూట మన నెత్తికి ఉత్తరం వైపు ఉండేది మే రెండో వారం నుంచి జులై ఆఖరుదాకానే. అప్పుడు కూడా దాదాపు నిట్టనిలువుగా ఉంటాడు కాబట్టి సజ్జ నీడ అంతస్తు మొత్తాన్ని మింగేస్తుంది. ఉత్తరం గోడ మీద నిండుగా ఎండ పడుతున్న రెండర్ ఎవరైనా చూపిస్తే అది అబద్ధం. ఉత్తరం ఇంటికి రెండే దార్లు. ఎండాకాలం పొద్దున ఏడున్నరకు పక్కనుంచి గోడను గీరుకుంటూ వెళ్లే ఎండ ఒకటి. పొద్దుగూకాక లోపలి దీపాలు వెలిగే వేళ ఇంకొకటి.

ఆ రెండో వేళ ఏ ఇంటికైనా బాగుంటుంది గానీ మన దగ్గర అది చాలా చిన్నది. పొద్దు మునిగాక ఇరవై పాతిక నిమిషాల్లో చీకటి పడిపోతుంది. ఆకాశం ముదురు నీలంగా మారి, లోపలి దీపాల వెలుగుతో సమానమయ్యేది ఆ నడిమి పది నిమిషాలే. లోపలి లైట్లకు 3000 కెల్విన్ ఇవ్వండి. అన్ని గదుల్లో లైటు వేయకండి. ఏ ఇంట్లో వేస్తాం? హాల్లో, వంటింట్లో వేసి, పైన ఒక గది చీకటిగా వదిలేయండి.

సూర్యుడి కోణం 0.53 డిగ్రీలు ఉంచండి. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు అంతే. ఇది సరిగ్గా ఉంటే గోడకు దగ్గరి నీడ అంచు పదునుగా, దూరం నుంచి వచ్చే కొమ్మ నీడ అంచు మెత్తగా వస్తుంది. వేపచెట్టు కింద నేల మీద గుండ్రటి వెలుగు చుక్కలు చూశారు కదా, అవి ఆకుల సందులోంచి పడ్డ సూర్యబింబాలే. కోణం సున్నా పెడితే అవన్నీ పగిలిన గాజు ముక్కల్లా వస్తాయి.

ఆకాశానికి స్కై టెక్స్చర్ (బ్లెండరే లెక్కగట్టి ఇచ్చే ఆకాశం) వాడితే మొదట బొమ్మ తెల్లగా పేలిపోతుంది. కంగారు పడొద్దు, నిజం ఎండ అంత బలమైనదే. కలర్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌పోజర్‌ను మైనస్ 3 దగ్గర మొదలుపెట్టి సరిచేసుకోండి. డస్ట్ విలువ కొంచెం పెంచండి, మన ఎండాకాలం ఆకాశం దిగువన నీలంగా ఉండదు, పాలలో దుమ్ము కలిపినట్టు ఉంటుంది. వ్యూ ట్రాన్స్‌ఫామ్ (లెక్కలో వచ్చిన వెలుగును తెర మీది రంగులుగా మార్చే పద్ధతి) ఏజీఎక్స్ గానీ ఫిల్మిక్ గానీ ఉంచండి. స్టాండర్డ్ పెడితే తెల్ల గోడ మీద ఎండ పడ్డచోట వివరమంతా పోతుంది.

4. కెమెరా

ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, అంటే 1.6 మీటర్లు. లెన్సు 28 నుంచి 35 మిల్లీమీటర్లు. 30 అడుగుల రోడ్డు అవతల నిలబడితే 30 అడుగుల ఇల్లు ఇందులో పట్టేస్తుంది. 18 మిల్లీమీటర్లు పెడితే ఇల్లు ఫంక్షన్ హాలంత కనిపిస్తుంది, ఇంటాయన సంబరపడతాడు, కట్టాక నిలదీస్తాడు.

నిలువు గీతలు నిలువుగానే ఉండాలి. కెమెరాను పైకి ఎత్తకండి. ఎక్స్ రొటేషన్ 90 డిగ్రీలు ఉంచి, పైభాగం తెగిపోతుంటే షిఫ్ట్ వై (కెమెరాను వంచకుండా ఫ్రేమును పైకి జరిపేది) పెంచండి. ఇల్లు ఎదురుగా కాకుండా కొంచెం పక్క మూల కనిపించేలా నిలబడండి. ఇంతకుమించి కెమెరాలో రహస్యాలేమీ లేవు. డ్రోన్ కోణం అడిగితే చేసివ్వండి, కానీ పక్కిళ్ల మేడలు కూడా మోడల్ చేయాల్సి వస్తుందని ముందే చెప్పి దానికి వేరే డబ్బు తీసుకోండి.

5. మెటీరియల్స్: నల్లరాయి చెప్పిన పాఠం

ఒక పూట వేయిస్తంభాల గుడికి వెళ్లండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది, నున్నగా సాన పట్టిన నల్లరాతి స్తంభాలు ఇంకా మెరుస్తుంటాయి. స్తంభానికి ఎదురుగా నిలబడితే రాయి నల్లగా, లోతుగా కనిపిస్తుంది. అదే స్తంభాన్ని బాగా పక్కనుంచి, కన్ను రాతికి దగ్గరగా పెట్టి చూస్తే అద్దంలా బయటి వెలుగును చూపిస్తుంది. రాయి ఒకటే, చూసే కోణం మారింది. బ్లెండర్‌లో మెటీరియల్ చేసే ప్రిన్సిపుల్డ్ షేడర్ ఈ పని తానే చేస్తుంది, మనం అడ్డు పడకుండా ఉంటే చాలు. మెరుపు కోసం మెటాలిక్ (లోహంలా చూపించే) విలువ పెంచేవాళ్లున్నారు. రాయికి, టైలుకు, పెయింటుకు మెటాలిక్ ఎప్పుడూ సున్నా. మెరుపును రఫ్‌నెస్‌తోనే (గరుకుదనం, సున్నా అంటే అద్దం నునుపు) దిద్దుకోండి.

అక్కడి నుంచి రామప్పకు వెళ్తే ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. ఎర్రటి ఇసుకరాతి గోడ ఎండను తాగేస్తుంది, పక్కనే నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) ఒంటి మీద వెలుగు జారుతుంటుంది. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిల్పం కోసం చూసేవాళ్లు చూస్తారు. మనం రఫ్‌నెస్ కోసం చూడాలి. గరుకు రాయి 0.8, సాన రాయి 0.1. మన ఇంట్లో ఈ తేడా ఎలివేషన్ టైలుకూ మెట్ల గ్రానైట్‌కూ మధ్య కనిపించాలి.

టెక్స్చర్లు పాలీ హేవెన్‌లో, యాంబియెంట్‌సీజీలో ఉచితంగా దొరుకుతాయి, హక్కుల గొడవ కూడా లేదు. కానీ కరీంనగర్ ట్యాన్ బ్రౌన్ గ్రానైట్ లాంటివి మీరే తీసుకోవాలి. రాళ్ల షాపులో పలకను నీడలో, ఎదురుగా నిలబడి, ఫ్లాష్ లేకుండా తీయండి. ఫోటోలో ఒక స్కేలు పెట్టండి. ట్యాన్ బ్రౌన్‌లో గోధుమ ఎరుపు మచ్చలు సెంటీమీటరు అటూ ఇటూ ఉంటాయి. టెక్స్చర్ స్కేలు తప్పితే అవి అరచేయంత మచ్చలవుతాయి. రెండర్ అబద్ధమని మొదట పట్టించేది ఈ స్కేలే. ఫ్లోర్ టైలు 2×2 అడుగులో, 2×4 అడుగులో ముందే అడిగి తెలుసుకుని అలాగే పెట్టండి.

తెల్ల పెయింటుకు 1.0 ఇవ్వకండి. 0.8 దగ్గర ఆపండి. మామూలు తెల్ల పెయింటు అంతకంటే పెద్దగా ఎక్కువ వెలుగును తిప్పిపంపదు. 1.0 ఇస్తే పోర్టికో లోపల వెలుగు అటూ ఇటూ కొట్టుకుని నీడలన్నీ చచ్చిపోతాయి. లప్పం పెట్టిన గోడ కూడా పూర్తి చదును కాదు. చాలా నెమ్మదిగా ఎత్తుపల్లాలు ఉండే పెద్ద నాయిస్‌ను (క్రమం లేని మచ్చల నమూనాను) బంప్‌గా, అంటే ఉబ్బెత్తులా, అర మిల్లీమీటరు ఇస్తే, పక్కనుంచి వచ్చే ఎండలో గోడ ప్రాణం పోసుకుంటుంది.

మురికి సంగతి. నిజంగా అయితే మొదటి వానకే గోడ కింది అడుగు మేర ఎర్రమట్టి చిమ్ముతుంది, సజ్జ అంచు నుంచి నల్లటి చారలు దిగుతాయి. ఇవన్నీ కొత్త ఇంటి గోడ మీద పెడితే ఇంటాయన ఊరుకోడు. నా పద్ధతి: ఇంటి గోడ శుభ్రంగా, కాంపౌండ్ గోడ అడుగున కాస్త మట్టి రంగు, రోడ్డు మీద మాత్రం దాచకుండా దుమ్ము, టైర్ల చారలు, మోరి పక్కన తడి మరక. చుట్టుపక్కల నిజంగా ఉంటే ఇల్లు దానంతటదే నిజమైపోతుంది.

6. చుట్టుపక్కల, అద్దాల్లో

పగటిపూట కిటికీ అద్దం లోపలిని చూపించదు, ఎదురు ఇంటిని చూపిస్తుంది. అందుకే సైట్‌లో తీసిన ఎదురు వరస ఫోటోను ఒక పెద్ద ప్లేన్ మీద అంటించి కెమెరా వెనక నిలబెట్టండి. సూర్యుడు కూడా అటువైపే ఉన్నాడు కాబట్టి, ఆ ప్లేన్ నీడ ఇంటి మీద పడకుండా ఆబ్జెక్ట్ సెట్టింగుల్లో దాని షాడో రే ఆపేయండి. లోపల సగం తెరలు వేయండి. ఈ ఒక్క పనితో నా రెండర్లు మారినంతగా ఇంకే పనితోనూ మారలేదు. నెట్‌లో దొరికే హెచ్‌డీఆర్‌ఐలు (చుట్టూ 360 డిగ్రీల వెలుగును పట్టిన ఫోటోలు) చాలావరకు చలిదేశాల్లో తీసినవి, ఆ పెద్దామెకు కనిపించిన పైన్ చెట్లు వాటిలోంచి వచ్చినవే.

రోడ్డు అవతల, ఫ్రేము బయట ఒక వేపచెట్టో కానుగచెట్టో పెట్టండి. చెట్టు కనిపించదు, దాని నీడ మాత్రం కాంపౌండ్ గోడ మీద ఆడుతుంది. ఇంటి ముందు గడ్డి బదులు తులసికోట, నాలుగు కుండీలు, పార్కింగ్ టైల్స్, ర్యాంప్ మీద స్కూటీ, గడప ముందు ముగ్గు. కరెంటు స్తంభం ఉంటే ఉండనివ్వండి. దాన్ని తీసేయమని అడిగితే రెండో ఫైలుగా ఇవ్వండి.

7. రెండర్ కొట్టడం

బ్లెండర్‌లోని సైకిల్స్ అనే రెండర్ ఇంజన్ వాడండి. పరీక్షకు 128 శాంపిల్స్‌తో (ఒక్కో పిక్సెల్‌కు లెక్కగట్టే కాంతి కిరణాలు) చిన్న సైజులో, ఆఖరుకు 1000 శాంపిల్స్, నాయిస్ థ్రెషోల్డ్ 0.01. మిగిలిన చుక్కలను తుడిచే డీనాయిజర్ వాడొచ్చు గానీ శాంపిల్స్ తక్కువ పెట్టి దాని మీదే భారం వేస్తే టైలు గీతలు, చెట్టు ఆకులు మైనం కరిగినట్టు అవుతాయి.

సైజు: ఏ3 కాగితానికి 300 డీపీఐలో 4961×3508 పిక్సెళ్లు కావాలి. సైట్ ముందు కట్టే 8×6 అడుగుల ఫ్లెక్సీకి ఇంకా పెద్దది కావాలనుకుంటారు, అక్కర్లేదు. దాన్ని రోడ్డు అవతలి నుంచి చూస్తారు కాబట్టి 6000 పిక్సెళ్ల వెడల్పు ధారాళంగా చాలు.

రెండు ఫైళ్లు దాచుకోండి. ఒకటి 16 బిట్ టిఫ్, ఎడిటింగ్‌కు. రెండోది అన్ని పాసులతో (రెండర్‌తో పాటు విడిగా వచ్చే బొమ్మలు) ఈఎక్స్‌ఆర్ ఫైలు. పాసుల్లో నాకు నిజంగా పనికొచ్చేవి మూడే: క్రిప్టోమాట్, మిస్ట్ (దూరాన్ని బట్టి మసక), ఏఓ (మూలల్లో, సందుల్లో చేరే నీడ). క్రిప్టోమాట్‌తో ఏ వస్తువుకైనా మాస్కు వస్తుంది, గోడ రంగు మార్చమన్నప్పుడు మళ్లీ రాత్రంతా రెండర్ కొట్టే బాధ తప్పుతుంది. దాన్ని బ్లెండర్ కంపోజిటర్‌లోనే నలుపు తెలుపు బొమ్మలుగా విడదీసి జింప్‌లోకి తెచ్చుకోండి. ఈఎక్స్‌ఆర్‌ను నేరుగా జింప్‌లో తెరిస్తే రంగులు వేరుగా కనిపిస్తాయి. ఫైలు చెడిపోలేదు, దానిలో ఏజీఎక్స్ కలవలేదు, అంతే.

ఎండాకాలం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ మీద ఆఖరి రెండర్ పెట్టకండి. గది నలభై డిగ్రీల్లో కాగుతుంటే అది నిద్రపోతున్నట్టు నడుస్తుంది, పైగా కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. రాత్రి పెట్టి పడుకోండి.

8. ఎడిటింగ్: దాచడానికి కాదు

రెండర్‌లో వెలుగు తప్పుగా ఉంటే జింప్‌లో ఎంత రుద్దినా బాగుపడదు, వెనక్కి వెళ్లండి. ఎడిటింగ్ అనేది పోపు లాంటిది, పప్పు ఉడకకపోతే పోపు ఏం చేస్తుంది?

టిఫ్ తెరిచి ముందు కర్వ్స్ (వెలుగునీడలను దిద్దే సాధనం) పట్టుకోండి. బొమ్మను మొత్తంగా కొంచెం వెలిగించి, నీడల అడుగును కొద్దిగా పైకి ఎత్తండి. నిజం ఫోటోలో బయటి నీడ పూర్తి నలుపు కాదు, ఆకాశం వెలుగు అందులో పడుతుంది కాబట్టి కాస్త నీలం ఛాయలో ఉంటుంది. సైట్‌లో తీసిన తెల్ల కాగితం ఫోటోను పక్కన తెరిచి పెట్టుకుని ఎండ పడ్డ గోడ తెలుపును దానితో పోల్చండి. ఏఓ పాసును మల్టిప్లైలో (కింది బొమ్మను ముదురు చేసే లేయరు పద్ధతి) 20 శాతం మించకుండా వేస్తే సజ్జ గోడను కలిసే చోట, కుండీ నేలను తాకే చోట బరువు వస్తుంది. యాభై శాతం వేస్తే ఇల్లంతా మసి పట్టినట్టుంటుంది.

తర్వాత ఆకాశం. చాలా ఎలివేషన్లు ఇక్కడే పడిపోతాయి. మన ఇల్లు తూర్పు ఫేసింగ్, టైము పొద్దున, సూర్యుడు కెమెరా వెనక ఉన్నాడు. ఇంటి వెనక కనిపించేది పడమటి ఆకాశం. అది ఎర్రగా ఉండే వీలే లేదు. పైన ముదురు నీలం, దిగువకు లేతగా, మబ్బుల వెలుగు వైపు మనకేసి తిరిగి ఉండాలి. నా మొదటి బొమ్మలో ముందు గోడ మీద ఎండ, వెనక అస్తమయం, అంటే ఊరికి ఇద్దరు సూర్యులు. సైట్ దగ్గర అదే టైముకు అదే దిక్కున మీరే ఆకాశం ఫోటో తీసుకుంటే ఈ తప్పు జరగదు.

మిస్ట్ పాసును మాస్కుగా పెట్టి, పొడి గోధుమ తెలుపు రంగు లేయరును 10 శాతం వేయండి. దూరపు చెట్లు, వెనకిళ్లు కొద్దిగా వెనక్కి జరుగుతాయి. నీలం పొగ వేయకండి, అది కొండ ఊళ్ల సంగతి.

మనుషులు. నెట్‌లో దొరికే కటౌట్లలో కోటు వేసుకుని కాఫీ కప్పు పట్టుకున్నవాళ్లే ఎక్కువ. మీ ఇంట్లోవాళ్లనే అడిగి ఫోటో తీయండి. మా తమ్ముడు బండి మీద, మా చిన్నమ్మ కొంగు భుజాన వేసుకుని గేటు తీస్తూ, పది ఎలివేషన్లలో కనిపిస్తారు. తీసేటప్పుడు ఎండ రెండర్‌లో వచ్చే వైపు నుంచే రావాలి, కెమెరా కంటి ఎత్తునే ఉండాలి.

మనిషి సైజు ఎంత పెట్టాలన్న టెన్షన్ అక్కర్లేదు. కెమెరా కంటి ఎత్తున, నిలువుగా ఉంది కదా. అప్పుడు దగ్గరున్నా దూరమున్నా, రోడ్డు మీద నిలబడ్డ పెద్దవాళ్లందరి కళ్లూ హొరైజన్ గీత మీదే ఉంటాయి. ఆ గీతకు ఒక గైడు లాగండి, కళ్లను గీతకు, పాదాలను నేలకు ఆనించండి, సైజు దానంతటదే వస్తుంది. మనిషి 2 అడుగుల ఎత్తు పోర్టికోలో నిలబడితే కళ్లు గీతకు 2 అడుగుల పైన ఉంటాయి. పిల్లల కళ్లు గీత కింద.

నీడకు ఆ లేయరునే కాపీ చేసి, ముదురు రంగు నింపి, స్తంభం నీడ పడ్డ దిక్కుకు వాల్చి, మల్టిప్లైలో పెట్టండి. పాదాల దగ్గర పదును, దూరం పోయేకొద్దీ బ్లర్. పాదాల కింద వేలెడు మందం ముదురు మరక వేయడం మర్చిపోతే మనిషి గాల్లో తేలతాడు.

చివరగా కొంచెం విన్యెట్ (బొమ్మ అంచులు కాస్త ముదురు), ఎండ పడ్డ అంచుల దగ్గర సన్నని మెరుపు, అతి తక్కువ గ్రెయిన్ (ఫోటోలో ఉండే సన్నని చుక్కలు). లెన్స్ ఫ్లేర్ జోలికి నేను వెళ్లను. అయ్యాక బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి చూడండి, కన్నుకు అలవాటైన తప్పులు బయటపడతాయి.

9. సైట్ ఫోటోలోనే ఇల్లు నిలబెట్టాలంటే

కొందరు నిజం వీధి ఫోటోలో ఇల్లు కావాలంటారు. దీనికి ఎఫ్‌స్పై అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పక్కింటి సజ్జలు, కాంపౌండ్ గోడల వెంట రెండు దిక్కుల గీతలు ఆనిస్తే కెమెరా ఎక్కడుందో, లెన్సు ఎంతో అదే లెక్కగడుతుంది. ఫోటోను ముందుగా క్రాప్ చేయకండి, బొమ్మ నడిమధ్యే లెన్సు మధ్య అని అది అనుకుంటుంది. స్కేలుకు సైట్‌లో కొలిచిన కాంపౌండ్ గోడ ఎత్తు ఇవ్వండి. బ్లెండర్‌లోకి తెచ్చాక ఫోటో తీసిన తేదీ, టైమే సన్ పొజిషన్‌లో పెట్టండి, కర్ర నీడ లెక్కతో సరిచూసుకోండి. నేలకు షాడో క్యాచర్ (నీడను మాత్రమే పట్టేది), ఫిల్మ్‌కు ట్రాన్స్‌పరెంట్ పెట్టి రెండర్ చేస్తే ఇల్లూ, దాని నీడా మాత్రమే వస్తాయి. వాటిని ఫోటో మీద పరిచి, ముందున్న స్తంభాన్ని, తీగల్ని మాస్కుతో పైకి తెచ్చుకోండి. తీగలు విసుగు పుట్టిస్తాయి, అయినా వదలకండి.

10. ఇచ్చేటప్పుడు

ఒకాయన నా ప్రింటు పట్టుకుని పెయింటు షాపుకు వెళ్లి "ఈ కలర్ ఇయ్యి" అన్నాడు. బొమ్మలో గోడ పొద్దుటి ఎండలో ఉంది, ఏజీఎక్స్ దాన్ని ఇంకొంచెం మెత్తబరిచింది. షాపతను ఆ ఎండతో సహా కలిపిచ్చాడు. ఇల్లు మీగడ రంగులో రావాల్సింది పసుపు ముద్దలా వచ్చింది. తప్పు నాదే. ఇప్పుడు ప్రతి ప్రింటు అడుగున చిన్న పట్టీ పెడతాను: పెయింటు షేడు కోడ్, టైలు సైజు, గ్రానైట్ పేరు, ఏ నెల ఏ గంట ఎండ అన్నది. ఏ3 ప్రింటు ఒకటి తీయించి పగటి వెలుగులో చూశాకే ఇస్తాను, ఎందుకంటే స్క్రీన్ మీదకంటే కాగితం మీద నీడలు ముదురుతాయి, చాలాసార్లు కర్వ్స్ ఇంకొంచెం ఎత్తాల్సి వస్తుంది.

ఫైలు వాట్సాప్‌లో పంపితే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే అది నొక్కేసి చిన్నది చేస్తుంది. వాళ్లు అదే ఫ్లెక్సీ షాపుకు ఫార్వర్డ్ చేస్తారు, బోర్డు మీద మీ ఇల్లు మసకగా వేలాడుతుంది.